మూడో నెలలో బిడ్డతో బెంగళూరు వస్తున్నారా? ముందే చూసుకోవాల్సినవి

పుట్టింట్లో కాన్పై, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని బెంగళూరు తిరిగొచ్చే తెలుగు తల్లులు చాలామంది. కడపలోనో కర్నూలులోనో అమ్మమ్మ, పిన్ని, పక్కింటి పెద్దావిడ, ఇలా పదిమంది చేతుల్లో ఉన్న బిడ్డ ఒక్కసారిగా మారతహళ్లి ఫ్లాట్‌లో ఇద్దరి చేతుల్లోకి వస్తుంది. సరిగ్గా ఈ నెలల్లోనే పుట్టుకతో వచ్చిన కదలికలు పోతుంటాయి, సొంత కదలికలు మొదలవుతుంటాయి. కళ్లు ఎక్కువ కావాల్సిన సమయంలో ఇంట్లో మనుషులు తగ్గుతారు. అందుకే బయలుదేరే ముందే ఇది చదవండి.

పసిబిడ్డ చేసే పనులు చాలావరకు ఇష్టంతో చేసేవి కావు. చెంప తాకితే నోరు అటు తిప్పుతుంది. అరచేతిలో వేలు పెడితే బిగించి పట్టుకుంటుంది. తల కాస్త వెనక్కి జారినా, గట్టి చప్పుడైనా ఉలిక్కిపడి చేతులు చాపి మళ్లీ దగ్గరికి లాక్కుంటుంది. వీటినే డాక్టర్లు రిఫ్లెక్స్‌లు అంటారు. ఆ ఉలికిపాటును 1918లో ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల డాక్టరు వివరించాడు, అందుకే దానికి మోరో రిఫ్లెక్స్ అని పేరు. పైమెదడు ఎదిగేకొద్దీ ఇవి ఒక్కొక్కటే అణిగిపోతాయి. అణగాలి కూడా. పిడికిలి పట్టు సడలితేనే బిడ్డ బొమ్మను కావాలని అందుకోగలదు, వదలగలదు. తల ఎటు తిరిగితే అటు చెయ్యి చాచుకుపోయే భంగిమ 4 నుంచి 6 నెలల్లో తగ్గితేనే రెండు చేతులూ ఎదురుగా కలుస్తాయి, ఒత్తిగిలి బోర్లా పడటం సులువవుతుంది.

పాదాలు నేలకు ఆనిస్తే వేసే అడుగులు మాత్రం ఇంకా ముందే, దాదాపు రెండో నెలకే మాయమవుతాయి. అది చూసి చాలామంది టెన్షన్ పడతారు, వాకర్ కొంటారు. రెండూ అక్కర్లేదు. 1984లో ఎస్తర్ థెలెన్ అనే పరిశోధకురాలి బృందం అడుగులు తగ్గిన పిల్లల కాళ్లను నీళ్లలో ఉంచి చూస్తే అడుగులు మళ్లీ పెరిగాయి. కాళ్లు కొవ్వు పట్టి బరువెక్కినంత వేగంగా బలం పెరగకపోవడమే కారణమని వాళ్లు చెప్పారు. వాకర్ వల్ల నడక త్వరగా రాదు, దెబ్బలు మాత్రం తగులుతాయి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

బోర్లా పడితే బొబ్బట్లు పంచే ఇళ్లు మనవి. ఆ బొబ్బట్లకు నెల ముందునుంచే బిడ్డను నేలమీదికి మార్చండి. ఆఫీసు కాల్ వచ్చిందని మంచం మధ్యలో పడుకోబెట్టి చుట్టూ దిండ్లు పేర్చి వెళ్లడం ఈ ఊళ్లో మామూలైపోయింది. ఆ దిండు బిడ్డను ఆపదు, ముఖానికి అడ్డుపడితే ఊపిరి ఆడదు. నిన్నటిదాకా పెట్టిన చోటే ఉందన్న ధైర్యం ఇవాళ్టికి పనికిరాదు, ఎందుకంటే మొదటిసారి బోర్లా పడేముందు బిడ్డ ఏ కబురూ పంపదు. నేలమీద చాప, దానిమీద బొంత, మీరు పక్క గదిలోకి వెళ్లినా తలుపు తెరిచే ఉండాలి. నూనె రాసిన ఒళ్లు జారుతుంది కాబట్టి స్నానం పూర్తయ్యేదాకా ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండాలి, ఫోన్ మోగినా సరే.

డిసెంబరు చలికి బట్టలో బిగించి చుట్టే అలవాటు ఉంటే, ఒత్తిగిలే ప్రయత్నం కనబడిన రోజే మానేయండి. చేతులు కట్టేసి ఉండగా బోర్లా పడితే బిడ్డ ముఖం పక్కకు తిప్పుకోలేదు. అంతకుముందు చుట్టినా తొడలు వదులుగా కదలాలి, లేకపోతే తుంటి కీళ్లకు మంచిది కాదు. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం మీ కళ్లముందు బోర్లా ఉంచండి. రోజంతా కలిపి కనీసం 30 నిమిషాలు అలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి. మోరో ఉలికిపాటు 3 నుంచి 6 నెలల మధ్య తగ్గిపోతుంది. సరిగ్గా అదే వయసులో కొందరు పిల్లల్లో ఒకరకం ఫిట్స్ మొదలవుతాయి, చూడటానికి అచ్చం ఉలికిపాటులాగే ఉంటాయి. తల ముందుకు వాలుతుంది, చేతులు చాచుకుంటాయి లేదా మోకాళ్లు పొట్టకు ముడుచుకుంటాయి, ఒకటి రెండు సెకన్లలో వదిలేస్తుంది. కాసేపటికి మళ్లీ, మళ్లీ, వరసగా. ఎక్కువగా నిద్ర లేవగానే. ఉలికిపాటుకు చప్పుడో కుదుపో కారణం ఉంటుంది, దీనికి ఏదీ ఉండదు. 1841లో వెస్ట్ అనే ఇంగ్లండ్ డాక్టరు తన సొంత కొడుకులో గమనించి రాసిన జబ్బు ఇది. దిష్టి అనో కడుపునొప్పి అనో వారాలు గడపకండి. ఆలస్యమైన కొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి. బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి, దాని దగ్గర్లోనే ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి ఉన్నాయి.

ఒక చెయ్యి మాత్రమే కదులుతున్నా, నాలుగో నెల నిండినా మెడ నిలవకపోయినా, పిడికిళ్లు ఎప్పుడూ బిగిసే ఉన్నా, ఆరు నెలలు దాటినా అదే ఉలికిపాటు కొనసాగుతున్నా ఆగకుండా చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాత్రం కాన్పు తేదీ నుంచి కాక డాక్టరు ఇచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టండి.

14 వారాల టీకాలు ఊళ్లోనే వేయించి బయలుదేరితే ఇవన్నీ అప్పుడే ఒకసారి అడగొచ్చు. కారులో వస్తే ఒళ్లో కాదు, వెనక సీట్లో వెనక్కి తిరిగి ఉండే బేబీ సీట్లో. స్లీపర్ బస్సులో నిద్రలో మీరు బిడ్డమీదికి ఒరిగే ప్రమాదం ఉంది, ఇద్దరు పెద్దవాళ్లు వంతులేసుకుని మేలుకోండి. కాన్పు జరిగిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు తప్పక తెచ్చుకోండి. పుట్టగానే ఏడ్చిందా, బరువెంత, ఎన్ని వారాలకు పుట్టింది, కామెర్లు వచ్చాయా అని ఇక్కడి డాక్టరు మొట్టమొదట అడిగేది అదే, ఆ ఫైలు మాత్రం సాధారణంగా అమ్మమ్మ ఇంటి బీరువాలోనే ఉండిపోతుంది.