పిల్లల క్లినిక్ కౌంటరు పని తగ్గాలంటే

గుంటూరు కొత్తపేటలో ఒక పిల్లల డాక్టరుగారి దగ్గర కౌంటరు నేనే చూస్తాను. మాచర్ల, వినుకొండ బస్సులు దిగినవాళ్లు పొద్దున్నే గుమ్మం ముందుంటారు. తెలిసిన క్లినిక్కులవాళ్లు "ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావమ్మా?" అని అడుగుతుంటారు. ముందు ఏదీ కొనకండి అంటాను. ఓ వారంపాటు కౌంటరు మీద కాగితం పెట్టుకుని, టైమంతా దేనికి పోతోందో గీతలు గీయండి. మా దగ్గర రెండే తేలాయి: పాత ఫైలు వెతకడం, "డాక్టరుగారు ఉన్నారా?" అనే ఫోన్లు ఎత్తడం. మందుల చీటీని కంప్యూటర్లోకి ఎక్కించే ముచ్చట ఆఖర్న చూసుకోవచ్చు. డాక్టరుగారి రాత మెడికల్ షాపులో కుర్రాడికి అర్థమవుతున్నంతకాలం మనకు తొందర లేదు.

పిల్లల క్లినిక్‌లో పేరుతో వెతికితే ఫైలు దొరకదు. పుట్టగానే "బేబీ ఆఫ్ వెంకటలక్ష్మి" అని తెరుస్తాం. బారసాల అయ్యాక వచ్చి "మా సాన్విక ఫైలు ఇవ్వండి" అంటారు. ఆ వెంకటలక్ష్మిని కూడా ఇంగ్లీషులో తలా ఒక స్పెల్లింగుతో రాస్తాం. అందుకని గూగుల్ షీట్‌లో (నెట్‌లో ఉండే ఎక్సెల్ లాంటి పట్టిక) నిలువు వరసలుగా ఫైలు నంబరు, సెల్ నంబరు, తల్లి పేరు, పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఊరు పెట్టండి. సెల్ నంబరు చివరి ఐదంకెలు కొట్టి వెతకండి. ఒకే నంబరు మీద అన్నదమ్ముల పిల్లలు నలుగురున్నా పుట్టిన తేదీ తేల్చేస్తుంది. కవలలైతే పేరు అడగక తప్పదు.

షీటు తెరవగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి దేశం ఇండియా అని మార్చండి. అమెరికా అని ఉంటే 05/03 అని కొట్టిన మార్చి 5ని అది మే 3గా తీసుకుంటుంది, టీకా లెక్కలన్నీ తలకిందులవుతాయి. సెల్ నంబరు వరసను ప్లెయిన్ టెక్స్ట్ చేయండి, అంటే లెక్కల అంకెగా కాక ఒట్టి రాతగా ఉంచండి. బీరువాలో ఉన్న పాత ఫైళ్లన్నీ ఒకేసారి ఎక్కించాలని కూర్చోకండి. ఏ పిల్ల వస్తే ఆ పిల్ల ఫైలు ఆ పూట ఎక్కించండి చాలు. రాని ఫైళ్లు ఎక్కించి ఏం చేస్తాం?

షీటు అసలు విలువ టీకాల దగ్గర తెలుస్తుంది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు పుట్టిన తేదీ గడికి 42, 70, 98 కలిపితే తేదీలు వచ్చేస్తాయి. తొమ్మిదో నెలదానికి ఈడేట్ (EDATE) ఫార్ములా వాడండి, అది నెలల్ని సరిగ్గా లెక్కేస్తుంది. కానీ జలుబనో ఊరెళ్లామనో ఆరువారాల టీకాకి ఆలస్యంగా వచ్చేవాళ్లుంటారు. ఈ మూడు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలుండాలి కాబట్టి, "వేసిన తేదీ" అని ఇంకో వరస పెట్టి దానికి 28 కలపండి. పుట్టిన తేదీ లెక్క, ఈ లెక్క, రెండింటిలో ఏది తర్వాత వస్తే అదే పిలవాల్సిన తేదీ. మ్యాక్స్ (MAX) ఫార్ములా ఆ పని చేస్తుంది. తేదీ దాటిన గడి ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకుంటే సోమవారం పొద్దున ఎవరికి చెప్పాలో కళ్లముందుంటుంది. మంగళవారం, అమావాస్య తగిలితే వాళ్లెలాగూ రారు, మర్నాటి తేదీయే చెప్పండి. ఫార్ములా ఏం చూపించినా సూది వేసే నిర్ణయం డాక్టరుగారిదే.

ఫోన్ల సంగతి. క్లినిక్‌కి విడిగా ఒక నంబరు తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టండి, ఉచితమే. మీ సొంత నంబరు మీద మాత్రం పెట్టకండి, రాత్రి పదకొండుకి కూడా "అక్కా, పాపకి జ్వరం" అని వస్తుంది. క్విక్ రిప్లైలో టైమింగ్స్, ఫీజు, దారి, టీకా కబురు ముందే రాసి పెట్టుకుంటే "/" కొట్టగానే వస్తాయి. మా కబురు ఇలా ఉంటుంది: "నమస్కారమండీ. పాపకి పదోవారం టీకా ఈ నెల 14న వేయించాలి. టీకా కార్డు తెచ్చుకోండి." ఒకే కబురు అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ మాత్రం మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది, ఒక లిస్టులో 256 మందే పడతారు. అందుకే మొదటిసారి వచ్చినప్పుడే వాళ్ల ఫోన్లో మన నంబరు సేవ్ చేయించండి. దద్దుర్ల ఫొటో పంపి "ఏం మందు వాడాలి?" అంటే కౌంటరు జవాబివ్వకూడదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం అలాంటి సలహా డాక్టరే ఇవ్వాలి, దానికి రికార్డూ ఉంచాలి.

ఓపీ డబ్బులకి షీటులోనే నగదు, యూపీఐ అని రెండు వరసలు చాలు.

ఆభా గురించి చాలామంది అడుగుతున్నారు. అది 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్‌ని పేషెంటు తన ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, నంబరు మన తెరమీదికి వచ్చేస్తాయి, రాసుకునే పని ఉండదు. కాకపోతే క్లినిక్ హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీ అనే సర్కారు ఆసుపత్రుల, క్లినిక్కుల జాబితాలో నమోదై ఉండాలి, ఆభాని నడిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలిసిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఒట్టి షీటుతో కుదరదు. మనవడిని ఎత్తుకుని బటన్ ఫోన్‌తో వచ్చే అమ్మమ్మకి ఎలాగూ మనమే రాయాలి.

షీటుని "లింకు ఉన్న ఎవరికైనా" అని ఎప్పుడూ పంచకండి, పనిచేసేవాళ్ల మెయిల్ ఐడీలు మాత్రమే ఇవ్వండి. ఉద్యోగం మానేసినవాళ్ల పేరు ఆ సాయంత్రమే తీసేయండి. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టండి. వారానికోసారి షీటు కాపీ దించి పెన్‌డ్రైవ్‌లో దాచండి. పేషెంట్లని చేర్చుకునే క్లినిక్ అయితే మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం వాళ్ల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. తేలిగ్గా తీయగలిగేలా వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే ప్రయత్నం చేయాలని ఆ నిబంధనల్లోనే ఉంది.

ఇవన్నీ అలవాటయ్యాక, రద్దీ పెరిగి షీటు చాలడం లేదనిపిస్తే అప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లని పిలవండి. డెమోలో రంగుల గ్రాఫులు చూపిస్తారు, అవి పక్కన పెట్టించండి. సెల్ నంబరుతో వెతకొచ్చా, నెట్ పోతే టోకెన్లు ఆగిపోతాయా, రేపు మీ సాఫ్ట్‌వేర్ మానేస్తే మా డేటా అంతా ఎక్సెల్ ఫైలుగా ఇస్తారా అని అడగండి. మూడోదానికి నోటిమాట ఒప్పుకోకండి, బిల్లు మీదే రాయించుకోండి.