లా కొంచా తీరవీధిలో నడక: ముందుగా ఆటుపోట్ల వేళలు

ఉత్తర స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ నగరంలో లా కొంచా తీరవీధిని చూడదలచినవారు బస చేసిన చోటు నుంచి కదలకముందే ఆనాటి ఆటుపోట్ల వేళలు తెలుసుకోవాలి. బిస్కే అఖాతంలో పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు వ్యవధి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టంలో తేడా దాదాపు 4 మీటర్లకు చేరుతుంది కనుక, ఉదయం విశాలంగా పరచుకున్న ఇసుక మధ్యాహ్నానికి గోడ పక్కన సన్నని చారగా మిగలవచ్చు.

పోటు వేళకు పడమటి కొసను చేరేలా, ఒక గంట ముందుగా నగరపాలక భవనం వద్ద బయలుదేరడం మేలు. 1887లో కాసినోగా ప్రారంభమైన ఈ భవనం, 1924లో జూదంపై నిషేధం వచ్చి మూతపడ్డాక, 1947లో నగరపాలక కార్యాలయమైంది. ఇక్కడి నుంచి పూల నమూనాల తెల్లని ఇనుప కటకటాలు మీ వెంటే వస్తాయి. హువాన్ రఫాయెల్ అల్దాయ్ రూపొందించిన ఈ అల్లిక నగరానికే గుర్తుగా మారి, నగల దుకాణాల్లో లాకెట్లుగానూ అమ్ముడుపోతోంది.

మిరామార్ రాజభవనం కింద సొరంగదారి ఉన్నప్పటికీ, పైనున్న తోట మీదుగా వెళ్లడమే నా సలహా. రాణి మరియా క్రిస్తీనా వేసవి విడిదిగా 1893లో పూర్తయిన ఆ భవనం ముందు నిలబడితే సాంతా క్లారా దీవితో సహా లా కొంచా అఖాతమంతా ఒక్క చూపులో అందుతుంది.

ఒందర్రేతా తీరం దాటాక, రాళ్లకు బిగించిన ఎదువార్దో చిల్లిదా ఉక్కు శిల్పాలు మూడు కనిపిస్తాయి. ఇవి 1977 నాటివి. వాటి ముందున్న రాతి వేదికలో రంధ్రాలున్నాయి. సముద్రం పోటు మీద, అందులోనూ అలజడిగా ఉన్నప్పుడు, కింద కొట్టిన అల గాలిని బుస్సుమని పైకి నెడుతుంది, ఒక్కోసారి నీళ్లూ చిమ్ముతాయి కాబట్టి కెమెరాను రంధ్రాల మీదికి వంచకూడదు. తుపాను రోజుల్లో దారి మూసివేస్తే అడ్డుకట్ట దాటే సాహసం చేయవద్దు.

ఆటు వచ్చేవరకు 1912 నుంచి నడుస్తున్న, తాడుతో కొండపైకి లాగే ఫునిక్యులర్ రైలెక్కి ఇగెల్దో కొండపై గడపవచ్చు. తిరుగు ప్రయాణం ఇసుక మీదుగా చేయాలి. లా కొంచా, ఒందర్రేతా తీరాలను వేరుచేసే పికో దెల్ లోరో రాతిముక్కు పాదం వద్ద నీరు బాగా తగ్గినప్పుడే దారి దొరుకుతుంది. అక్కడ అలలు ఇంకా రాళ్లను తాకుతుంటే వెనుదిరిగి సొరంగదారి పట్టాలి.