పానా పట్టే ముందు ఫొటో తీయండి: పాత కారు విప్పబోయేవాళ్లకు జాగ్రత్తలు

పాత కారు ఒకటి కొని షెడ్డులో పెట్టుకున్నాక, మొదటి సెలవు రోజునే పానా పట్టుకుని దిగిపోవాలనిపిస్తుంది. దయచేసి ఆ రోజు ఏమీ విప్పొద్దు. ఆ రోజంతా ఫొటోలు తీసి, ఇలాంటి బళ్ల మీద చెయ్యి తిరిగిన నలుగురికి పంపి "రేపు ఈ పని మొదలుపెడుతున్నాను, ఇలా చేద్దామనుకుంటున్నాను, ఏమైనా తేడా కనిపిస్తోందా" అని అడగండి. మనలో ఎక్కువమంది పనంతా అయ్యాక మెరిసే ఫొటో పంపుతాం, అందరూ మెచ్చుకుంటారు, సంతోషమే. కానీ మనల్ని కాపాడేది మాత్రం పనికి ముందు పంపే ఫొటో.

ఇది నాకు జరిగిన సంగతి కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఒకసారి గేర్‌బాక్సు దింపడానికి కారు ముందు భాగం లేపి, రెండు జాక్ స్టాండ్లు (లేపిన కారును మోసే ఇనుప కాళ్లు) పెట్టి, పొద్దున్నే కిందికి దూరతానని ఫొటో పంపాను. కాసేపట్లోనే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఎడమ స్టాండ్ సరిగ్గా చూడు బాబూ, అది బరువు మోసే ఛాసిస్ మీద లేదు, ఫ్లోర్ రేకు మీద ఉంది" అన్నారు. టార్చి వేసుకుని వెళ్లి చూస్తే నిజమే. స్టాండ్ తల ఆనిన చోట రేకు అప్పటికే చిన్న గిన్నెలా లోపలికి నొక్కుకుపోయింది, చుట్టూ నల్ల కోటింగ్ పెచ్చులు లేచి ఉంది. పొద్దున నేను పడుకోబోయేది సరిగ్గా దాని కిందే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ముందు లేపడం గురించే చెప్తాను. జాకీ ఉన్నది లేపడానికి, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో సీల్ పోతే కారు మనకు చెప్పి దిగదు. సమంగా ఉన్న కాంక్రీటు నేల మీదే పని పెట్టుకోండి, ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ కింద పెట్టొద్దు, అవి పగిలేటప్పుడు ఒక్కసారిగా పగులుతాయి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి వెనక వైపు లేపినప్పుడు అది ఉన్నా లేనట్టే, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టాల్సిందే. స్టాండ్ల మీద కూర్చున్నాక కిందికి వెళ్లకముందే కారును గట్టిగా ఊపి చూడండి, ఊగేదేదో మీరు బయట ఉన్నప్పుడే ఊగాలి. ఊడదీసిన చక్రాలు పక్కన దొర్లించకుండా కారు అంచు కిందికి తోసి పెట్టండి, స్టాండ్ జారినా కాస్త ఖాళీ మిగులుతుంది.

ఇక ప్లాను. ఇంజిన్ గురించి కలలు కనే ముందు తుప్పు చూడండి, ఎందుకంటే ఇంజిన్ ఇంకోటి దొరుకుతుంది గానీ బాడీ పోతే కారే లేదు. ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్ చాలు. అయస్కాంతం పట్టు వదిలిన చోట పెయింట్ కింద మందంగా పుట్టీ ఉందని అర్థం. తలుపుల కింద గడపలా ఉండే సిల్, ఫ్లోరు, సస్పెన్షన్ పైన ఆనే చోటు, జాకీ పెట్టే చోట్లు ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్ వెనకతో తట్టి వినండి. సిల్ కోసి మార్చాల్సి వస్తే, కోయకముందే తలుపు ఖాళీలో అడ్డంగా పైపులు వెల్డ్ చేసి బిగించాలి, లేకపోతే బాడీ కుంగి తర్వాత తలుపు మూతపడదు. తలుపు చుట్టూ సందు ఎంతుందో స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి.

అన్నీ ఒకేసారి విప్పొద్దు. బ్రేకులైతే ఒక పక్క విప్పి, రెండో పక్కను అలాగే ఉంచండి, స్ప్రింగు ఏ రంధ్రంలో ఉండాలో అదే చెప్తుంది.

ఫొటో తీయడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ప్రతి భాగానికీ మూడు: దూరం నుంచి ఒకటి, చెయ్యి చాచినంత దూరం నుంచి ఒకటి, బాగా దగ్గరగా ఒకటి. దగ్గర ఫొటో మాత్రమే ఉంటే ఆరు నెలల తర్వాత అది కారులో ఏ మూలదో మీకే తెలియదు. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి. వైరు కనెక్టర్ లాగే ముందు రెండు ముక్కలకూ టేపు అంటించి ఒకే నంబరు రాసి, ఆ నంబర్లు కనబడేలా తీయండి. గొట్టాలకైతే చివరలు చాలవు, ఏది దేని వెనక నుంచి వెళ్తోందో, ఏ క్లిప్పులో ఉందో పడాలి. స్పార్క్ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తీసేముందు, లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో, 1వ సిలిండర్ వైరు ఎక్కడుందో తప్పక తీయండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో ఇంధనం మండే వరుస, ఎక్కువగా 1-3-4-2 అయినా 1-2-4-3 ఉన్నవీ ఉన్నాయి, ఊహించి బిగిస్తే ఇంజిన్ దగ్గుతుంది, సరిగ్గా నడవదు. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే, అదే వైపు తిరిగి రావాలి. వాల్వులను తెరిపించే పుల్లల్లాంటి పుష్‌రాడ్లను అట్టముక్కకు రంధ్రాలు పొడిచి వరుసగా గుచ్చి పెట్టండి. బోల్టులు చిన్న కవర్లలో వేసి కవరు మీద ఫొటో నంబరు రాయండి. ఫొటోలన్నీ ఆ సాయంత్రమే ఇంకో చోటికి కాపీ చేయండి, గ్రీజు చేతిలోంచి ఫోన్ ఆయిల్ ట్రేలో పడటం అరుదేమీ కాదు.

నిప్పు విషయంలో నేను ఎవరి మాటా వినను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదా, గొయ్యిలోనూ పేరుకుంటుంది, వాసన ముక్కుకు అందకముందే కింద పెట్టిన బల్బుకు అందుతుంది. పెట్రోలు ఆరుబయటే తీయండి. ఖాళీ ట్యాంకు అయినా ఇంట్లో వెల్డింగ్ చేయొద్దు, లోపల మిగిలేది ఆవిరే. బ్యాటరీ విప్పేటప్పుడు మొదట బాడీకి కలిపిన తీగ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఎక్కువ కార్లలో అది నెగటివ్, చాలా పాత బళ్లు కొన్నింట్లో పాజిటివ్, చూసి తీయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ఆ డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. వెల్డింగ్ ఆపాక కనీసం గంటసేపు అక్కడే కూర్చోండి, కార్పెట్టూ, కారు అడుగున పూసే అండర్‌కోటింగూ నెమ్మదిగా రాజుకుంటాయి.

పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్ల దుమ్ములో పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడిచి కవర్లో కట్టేయండి. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే చాలా పెయింట్లలో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఐసోసయనేట్లు ఉంటాయి, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని పెయింటర్‌కే ఇవ్వండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వొద్దు. సస్పెన్షన్ స్ప్రింగులు వాటిని నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా ముట్టుకోవద్దు.

ఫొటోలు పంపేటప్పుడు ఇంకో సంగతి. ఫోన్ ఫొటోలో తీసిన చోటు వివరాలు దాగి ఉండొచ్చు, పంపే ముందు లొకేషన్ తీసేయండి. నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు, షెడ్డు తాళం కనిపించకూడదు. తాళంచెవి ఫొటో అసలే వద్దు, స్పష్టంగా పడితే దాన్ని చూసి ఇంకోటి కోయొచ్చు. అడిగేటప్పుడు మోడల్, సంవత్సరం, ఇంజిన్, ఇప్పటివరకు ఏం చేశారో రాయండి, పాడైన చోటి ఫొటో కూడా దాచకుండా పెట్టండి. వచ్చిన సలహాల్లో టార్క్ అంకెలను (బోల్టు ఎంత బలంగా బిగించాలో చెప్పేవి) మాత్రం నమ్మి బిగించకండి, ఆ సంవత్సరం సర్వీస్ మాన్యువల్లో చూసే బిగించండి. కొన్ని ఇంజిన్లలో పైభాగాన్ని (హెడ్) పట్టి ఉంచే హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగేలా చేసినవి, తిరిగి వాడకూడదు, కొత్తవే వేయాలి. బ్రేకులు, స్టీరింగ్ విషయంలో పదిమంది ఒకే మాట అన్నా మాన్యువల్ తెరవండి.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి, షెడ్డు తలుపులు పూర్తిగా తెరవండి, పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. నిప్పార్పే సిలిండర్ పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. అందరికీ చూపించాలని వీడియో తీస్తారు, తీయండి, కానీ ఫోన్‌ను ఏదైనా స్టాండ్‌కు తగిలించి వదిలేయండి. ఆ కాసేపు మీ రెండు చేతులూ ఖాళీగా, ఒకటి ఇగ్నిషన్ కీ దగ్గరే ఉండాలి.