క్లినిక్ వదలకుండా పాఠాలు చెప్పాలనుకునే ఆక్యుపేషనల్ థెరపిస్టులకు

జబ్బు వల్లో గాయం వల్లో ఆగిపోయిన తిండి, స్నానం, బట్టలు లాంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసేదే ఆక్యుపేషనల్ థెరపీ. దాని డిగ్రీ బీఓటీ ఫైనలియర్‌లో ఉండి, ముందు పేషెంట్లను చూడాలా, వెంటనే పీజీ కోర్సు ఎంఓటీ చేసేసి ఏదో ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరిపోవాలా అని టెన్షన్ పడుతున్నారా? ముందు క్లినిక్‌కి వెళ్లండి. నన్నడిగితే కనీసం మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఒకే రకం కేసులతో గడిపేయకండి. మన ఊళ్లలో కొత్తగా బయటికొచ్చిన వాళ్లకు త్వరగా దొరికేవి పిల్లల థెరపీ సెంటర్ల ఉద్యోగాలే, ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలతో రోజంతా గడిచిపోతుంది, చాలా మంచి పని అది, కానీ పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని, మెషీన్‌లో చెయ్యి పడి నరం తెగిన కూలీని, స్కిజోఫ్రీనియాతో ఏళ్ల తరబడి గది దాటని కుర్రాణ్ని ఒక్కసారీ చూడకుండా రేపు క్లాసులో నిలబడితే, పుస్తకం చదివి వినిపించడం తప్ప ఏం చేయగలరు?

ఇంకా కోర్సులో చేరని వాళ్లకు కూడా ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లో ఈ కోర్సు ఉన్న కాలేజీలు తక్కువ, అందుకే తెలుగు పిల్లలు వెల్లూరు సీఎంసీకో, మణిపాల్‌కో, కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద సంస్థకో వెళ్తుంటారు. ఎక్కడ చేరినా రెండు చూసుకోండి: కాలేజీకి సొంత ఆసుపత్రి గానీ గట్టి క్లినికల్ పోస్టింగులు గానీ ఉన్నాయా, కోర్సుకు ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ గుర్తింపు ఉందా. ఆ గుర్తింపు రావాలంటే కనీసం 1000 గంటల ఫీల్డ్‌వర్క్, అంటే పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ, ఉండాలి. మన దేశంలో ఈ చదువు 1950లో కమలా నింబ్కర్ చొరవతో ముంబై కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. వార్డు అందుబాటులో లేకుండా ఈ విద్య రాదని అప్పుడే తేలిపోయింది. 2021 నాటి జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ చట్టం వచ్చాక సిలబస్, అడ్మిషన్, రిజిస్ట్రేషన్ రూల్స్ మారుతున్నాయి కాబట్టి సీనియర్లు చెప్పింది విని ఊరుకోకుండా మీరు చేరే ఏడాది కమిషన్ వెబ్‌సైట్ చూడండి.

సరే, క్లినిక్‌లో చేరారు. అక్కడ ఏం నేర్చుకోవాలి?

నా లెక్కలో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇంటి గురించి అడగడం. కుడివైపు పక్షవాతం వచ్చిన పేషెంట్‌ను తీసుకోండి. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో తిండికి సంబంధించిన ప్రశ్న ఉంటుంది, సొంతంగా తింటే 10, సాయం కావాలంటే 5. ఆయన ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని ఇడ్లీ తింటున్నాడు, మీరు 10 వేసేస్తారు. కానీ ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడు ఆయన కంచం దగ్గరికి రావట్లేదు. ఎడమ చేత్తో తినడం మన ఇళ్లలో ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పక్కర్లేదు, పెళ్లి భోజనానికి పిలిస్తే ఆయన వెళ్లనే వెళ్లడు. స్కోరులో ఇదేదీ కనపడదు. అందుకే కెనడా వాళ్లు తయారుచేసిన సీఓపీఎం అనే ఇంటర్వ్యూ పద్ధతి లాంటిది కూడా వాడండి. అందులో పేషెంటే తనకు ముఖ్యమైన పనులు చెప్తాడు, ఒక్కో పనికి అదెంత ముఖ్యమో, ఎలా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉందో 1 నుంచి 10 వరకు మార్కులు ఇస్తాడు. కొన్ని వారాల తర్వాత మళ్లీ అడిగితే రెండు పాయింట్లు పెరిగాయంటే మామూలుగా దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగానే తీసుకుంటారు.

ఆ తర్వాతే చికిత్స ప్లాన్. కుడి చేతిలో కాస్త కదలిక వస్తుంటే ముద్దపప్పు కలిపిన గట్టి ముద్దతో మొదలుపెట్టండి, రసం అన్నం చివరికి. పళ్లెం కింద తడిగుడ్డ పరిస్తే జారదు, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెమైతే ఒక చేత్తోనే కలుపుకోవచ్చు. చొక్కా వేసుకునేటప్పుడు బలహీనంగా ఉన్న చెయ్యి ముందు, తీసేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. చీర కుచ్చిళ్లు, బకెట్-మగ్గు స్నానం, కింద కూర్చుని లేవడం, ఇండియన్ టాయిలెట్, ఇవన్నీ ఇంగ్లిష్ పుస్తకాల్లో దొరకవు. ఒక నోట్‌బుక్ పెట్టి పేర్లు లేకుండా రాసుకోండి, ఏ పేషెంట్‌తో ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని. రేపు మీరు చెప్పబోయే పాఠాలకు అసలు సరుకు అదే.

ఎంఓటీ రెండేళ్లు. న్యూరో, పిల్లలు, హ్యాండ్, మానసిక ఆరోగ్యం, వీటిలో మీ నోట్‌బుక్‌లో ఎక్కువ పేజీలు దేనికి పోయాయో అది తీసుకోండి.

ఇక కాలేజీ ఉద్యోగం. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు అడగాల్సింది, వారంలో ఎన్ని పూటలు ఓపీ ఉంటుంది అని. నోటి మాటగా కాకుండా టైమ్‌టేబుల్‌లో చూపించమనండి. ఆసుపత్రి లేని కాలేజీ అయితే బయట ఒక క్లినిక్‌లో వారానికి ఒక పూటైనా పనిచేయడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఇది చాలామంది మొహమాటపడి అడగరు, తర్వాత పరీక్షలు, ఇన్‌స్పెక్షన్ ఫైళ్లు, అడ్మిషన్ల పని మీద పడతాయి, చూస్తుండగానే పేషెంట్‌ను ముట్టుకుని ఏళ్లు దాటిపోతాయి.

క్లాసులో థియరీతో మొదలుపెట్టకండి. ఒక మనిషితో మొదలుపెట్టండి. పేరు, ఊరు మార్చి, ఫొటో లేదా వీడియో వాడాలంటే పేషెంట్ దగ్గర రాసిన అనుమతి తీసుకుని, ముందు కేసు చెప్పి, "ఈయన ఇంటికెళ్లాక మొదటి రోజు ఏ పని దగ్గర ఆగిపోతాడు?" అని అడగండి. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆగండి, జవాబు మీరు చెప్పేయకండి. వాళ్లు తడుముకుంటూ ఒక్కొక్కటే చెప్పాక అప్పుడు మోడల్ పేరు, థియరీ పేరు బోర్డు మీద రాయండి.

చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే స్ప్లింట్ల ప్రాక్టికల్స్‌కు, వేడి చేస్తే మెత్తబడే థర్మోప్లాస్టిక్ షీట్ ఖరీదు, పిల్లలు కోసి పాడుచేస్తారని చాలాచోట్ల చూపించి ఊరుకుంటారు. అలా చేయొద్దు. ముందు పేపర్ మీద ప్యాటర్న్ గీయించి ఒకరి చేతికి ఒకరు సరిచూసుకోనివ్వండి, నాలుగుసార్లు పేపర్ చించాక ఒక్క షీట్ ఇవ్వండి. మణికట్టును పైకెత్తి పట్టే కాక్-అప్ స్ప్లింట్ ముంజేతి మీద మూడింట రెండొంతుల పొడవుండాలి, అరచేతిలో వేళ్ల వైపున్న గీత దాటి ముందుకు వచ్చిందంటే వేళ్లు మడవలేరు. తొడిగించి ఇరవై, ముప్పై నిమిషాలయ్యాక తీసి చర్మం ఎక్కడ ఎర్రబడిందో చూడమనండి. షుగర్ వల్లో కుష్ఠు వల్లో స్పర్శ పోయిన చేతికి ఇదే స్ప్లింట్ వేస్తే ఏమవుతుందో అప్పుడు అడగండి, ఆ ఎర్రటి మచ్చ చూస్తూ వాళ్లే చెప్తారు.

పోస్టింగ్‌లో మాత్రం విద్యార్థిని పేషెంట్ ముందు తిట్టకండి. తప్పు చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి, బయటికొచ్చాక ఆ విషయం మాట్లాడండి. ఆ పేషెంట్ మర్నాడు మళ్లీ అదే అమ్మాయి చేతికి తన చెయ్యి ఇవ్వాలి కదా.

పీహెచ్‌డీ చేయాలనుకుంటే టాపిక్ కోసం ఇంటర్నెట్ వెతకడం కంటే మీ పాత నోట్‌బుక్ తెరవండి. ఎన్నిసార్లు రాసుకున్నా జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉంటుంది, దాన్నే తీసుకోండి. డేటా ఒక్క పేషెంట్ దగ్గర తీసుకోవాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి, థెరపీ ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో రిజిస్టర్ చేశాకే మొదలుపెట్టాలి. చిన్నచిన్న ఫలితాలను మన ఆక్యుపేషనల్ థెరపిస్టుల అసోసియేషన్ ఏటా జరిపే ఓటీకాన్ సదస్సులో చెప్పండి, అక్కడ మీ సబ్జెక్ట్ ఎగ్జామినర్లూ, రేపటి మీ సహోద్యోగులూ ఒకేచోట దొరుకుతారు.

విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే సిలబస్ కాపీ, ఫీల్డ్‌వర్క్ గంటల సర్టిఫికెట్ కాలేజీలో ఉన్నప్పుడే సంతకాలతో తీసిపెట్టుకోండి. బ్రిటన్‌కు అక్కడి నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్, అమెరికాకు సర్టిఫికేషన్ బోర్డు ఎన్‌బీసీఓటీ చేసే అర్హత పరిశీలన, ఆ తర్వాత పరీక్ష. ఏళ్లు గడిచాక వెళ్లి అడిగితే సంతకం పెట్టాల్సిన సార్ రిటైరై ఉంటారు, ఫైలు ఎక్కడుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు.