క్యాంపర్ ట్రైలర్ రిజిస్ట్రేషన్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు దరఖాస్తు విధానం

ఇల్లు ఖాళీ చేసి, పిల్లలతో సహా క్యాంపర్ ట్రైలర్‌లోనే (కారు వెనక తగిలించి లాగే, లోపల ఉండడానికి వీలైన బండి) ఉంటూ ఊళ్లు తిరగాలని అనుకుంటున్నారా? ట్రైలర్‌కి అడ్వాన్స్ కట్టే ముందే మీ పేరు, అడ్రస్ కాగితాలు సరిచేసుకోండి. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగువాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే. మిగతా పని అంత కష్టం కాదు.

ముందు చట్టం సంగతి. ట్రైలర్‌కి ఇంజిన్ ఉండదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. లాగే కారుతో సంబంధం లేకుండా దానికి సొంత ఆర్సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్), సొంత నంబర్, సొంత థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం కారుకే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది.

సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్, ట్రైలర్ రెండూ నాన్ ట్రాన్స్‌పోర్ట్, అంటే కిరాయికి కాని సొంత వాహనాలేనని కేంద్ర రవాణా శాఖ 2004 నవంబర్ 5న ఇచ్చిన నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. మన జిల్లాల్లో ట్రైలర్ అంటే అందరికీ తెలిసింది ట్రాక్టర్ వెనక తొట్టి, లేదంటే సరుకు బండి. కౌంటర్ దగ్గర అలవాటుకొద్దీ సరుకు బండి కింద ఎక్కించేస్తే ఆ తర్వాత ట్యాక్స్, ఫిట్‌నెస్ అన్నీ ఆ లెక్కనే నడుస్తాయి. నాన్ ట్రాన్స్‌పోర్ట్ కింద ఎక్కితే ఆర్సీ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. అయితే ఒక షరతు ఉంది. ట్రైలర్‌ని అద్దెకు తిప్పారంటే అది సొంత వాడకం కాదు, ఈ వెసులుబాటు వర్తించదు.

ఇప్పుడు పేరు సంగతి. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. పాన్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా సాగి చివరికి పోతుంది. తహసీల్ ఆఫీసు కాగితం ఒడియాలో ఉంటే, దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు వెంకట కాస్తా బెంకట అవుతుంది. మనిషి ఒక్కడే, కాగితాల్లో మాత్రం ముగ్గురు. ముందు ఆధార్ చూసుకోండి. ఆధార్‌లో పేరు మార్పుకి రెండుసార్లే అవకాశం ఇస్తారు, కాబట్టి తొందరపడకుండా పిల్లల స్కూలు సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఎలా ఉందో కూడా చూసి ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి. తర్వాత పాన్, లైసెన్స్ దానికి తగ్గట్టు మార్పించండి. ఈ పనికి ఎంత టైమ్ పెట్టినా వృథా కాదని నా గట్టి నమ్మకం. దారి పొడవునా ఎక్కడ కాగితం అడిగినా ఇదే అక్కరకొస్తుంది.

అడ్రస్ విషయంలో చట్టం చెప్పేది ఇది: మీరు నివసించే చోటు లేదా వ్యాపార స్థలం, అంటే బండి మామూలుగా ఉండే చోటు, ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్. 2019 సవరణ తర్వాత ఆ రాష్ట్రంలో ఏ ఆర్టీఓ దగ్గరైనా చేయించుకోవచ్చు. అంటే రాయగడ వాళ్లు తమ జిల్లా ఆర్టీఓ (ఓడీ 18 నంబర్లిచ్చే) ఆఫీసుకే వెళ్లాలని లేదు, కోరాపుట్‌లోనో గంజాంలోనో అయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ట్యాక్స్ తక్కువనో, తెలిసినవాళ్లు ఉన్నారనో పార్వతీపురంలో బావగారి అడ్రస్ మీద చేయించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకి ప్రతి ఉత్తరం, ప్రతి నోటీసు ఆ అడ్రస్‌కే వెళ్తుంది. అమ్మానాన్నలున్న సొంత ఊరి ఇల్లే అన్నిటికన్నా మంచిది. ఆ ఇంటి అడ్రస్ మీ ఆధార్‌లో లేకపోతే, కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు.

దరఖాస్తు ఫారం 20. దానికి అమ్మకం సర్టిఫికెట్ (ఫారం 21), తయారీదారు ఇచ్చే రోడ్డు యోగ్యత సర్టిఫికెట్ (ఫారం 22), ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, అడ్రస్ ప్రూఫ్, పాన్ జతచేయాలి. లోన్ మీద కొంటే బ్యాంకు వివరాలు కూడా ఎక్కించాలి. డీలర్ దగ్గర కొంటే వాహన్ పోర్టల్ (రిజిస్ట్రేషన్లు జరిగే ప్రభుత్వ వెబ్‌సైట్) పని వాళ్లే చేస్తారు. తయారీదారు దగ్గర నేరుగా కొంటే బండిని ఆఫీసుకు తీసుకెళ్లాల్సి రావచ్చు. అక్కడ ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబర్ చూస్తారు కాబట్టి ఫారం 21, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్ మూడింటిలోనూ ఆ నంబర్ ఒక్క అంకె కూడా తేడా లేకుండా ఉందో లేదో ముందురోజే సరిపోల్చుకోండి.

ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయిస్తే సగం ఖర్చుతో అయిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. వినకండి. టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదం) లేని బండికి ఫారం 22 రాదు, అది లేనిదే ఆర్సీ రాదు. ఆ అప్రూవల్ పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థలు ఇస్తాయి. తయారీదారుని అడ్వాన్స్‌కి ముందే ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి. ఆర్సీ వచ్చాక ఆఫీసు అనుమతి లేకుండా బండి రూపం మార్చినా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. అలాగే మీ కారు మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చని రాశారో చదవండి. సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కాల్సింది ఆ కారే, లోపల మీ పిల్లలు ఉంటారు.

సెకండ్ హ్యాండ్ ట్రైలర్ అయితే మీ పేరు మీదకి మార్చుకోవడానికి ఫారం 29, 30. పక్క రాష్ట్రం బండి అయితే అమ్మేవాళ్లు ముందుగా అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసి ఇవ్వాలి. అది చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

వేరే రాష్ట్రాల్లో తిరిగినంత మాత్రాన నంబర్ మార్చక్కర్లేదు. ఒకే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంటేనే కొత్త నంబర్‌కి ఫారం 27 పెట్టాలి. ఒకే చోట అన్నాళ్లు లేరని, ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి టోల్ రసీదులు దాచుకోండి. సొంత ఊరి అడ్రస్ మారితే మాత్రం 30 రోజుల్లో ఫారం 33తో తెలియజేయాలి.

పిల్లల చదువుకి జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్ఐఓఎస్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి ఆన్‌లైన్‌లో చేరొచ్చు, తెలుగు ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. స్కూలు మాన్పించేటప్పుడే టీసీ తీసుకోండి, తర్వాత దూరం నుంచి తెప్పించుకోవడం టెన్షన్.

ఆర్సీ కార్డు ఇంటి అడ్రస్‌కి వస్తుంది. దాని కోసం బయలుదేరడం ఆపక్కర్లేదు. రిజిస్ట్రేషన్ పూర్తయి నంబర్ ప్లేట్ బిగించాక డిజిలాకర్‌లో కారు, ట్రైలర్ రెండింటి ఆర్సీలూ విడివిడిగా దించుకోండి, అవి కార్డుతో సమానంగా చెల్లుతాయి. ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనూ పీడీఎఫ్‌లు ఉంచుకుంటే, సిగ్నల్ లేని కోరాపుట్ ఘాట్లలో కూడా వెంటనే తీసి చూసుకోవచ్చు.