పాత బైకు హెడ్‌లైట్ వెలుగు పెంచుకోవడం

పాత బైకు హెడ్‌లైట్ మసకబారితే చాలామంది ముందుగా బల్బునే మారుస్తారు గానీ, లోపం తరచుగా వైరింగులోనే ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి, లైటు స్విచ్ వేసి చూడండి. వెలిగితే లైటు బ్యాటరీ మీద నడుస్తున్నట్టు. ఇంజన్ నడిచినప్పుడే వెలుగుతూ, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ కాంతి పెరుగుతుంటే, పాత హీరో హోండా స్ప్లెండర్‌లో మాదిరిగా, మాగ్నెటో కాయిల్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే తీగచుట్ట) నుంచి నేరుగా ఏసీ కరెంటు అందుతున్నట్టు.

బ్యాటరీ రకమైతే, ఇంజన్ నడుస్తూ లైటు వెలుగుతుండగా, మల్టీమీటరుతో ముందు బ్యాటరీ వద్ద, తర్వాత బల్బు హోల్డర్ వద్ద వోల్టేజీ కొలవాలి. వోల్టేజీ 10 శాతం తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది కాబట్టి, ఒక్క వోల్టు తేడాను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఆ తేడా సాధారణంగా హ్యాండిల్ స్విచ్‌లో నల్లబడిన కాంటాక్టుల వద్దో, చిలుము పట్టిన కనెక్టర్లలోనో, ఎర్త్ వైరును బైకు ఫ్రేముకు బిగించే బోల్టు కింది తుప్పులోనో దొరుకుతుంది. ఇవన్నీ శుభ్రం చేసినా ఫలితం లేకపోతే, హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి చొప్పున రిలేలు (హ్యాండిల్ స్విచ్ ఇచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా మందమైన వైరుతో బల్బుకు కరెంటు అందించాలి.

ఏసీ రకానికి ఈ రిలే పద్ధతి పనికిరాదు. అందులో 35 వాట్ల బల్బు తీసి 60 వాట్లది వేస్తే, కాయిల్ అంత శక్తి ఇవ్వలేక వెలుగు ఇంకా తగ్గుతుంది. ఆ బల్బు అమ్మే దుకాణదారు ఈ మాట చెప్పడు. ఏ రకమైనా, బల్బు వెనకుండే రిఫ్లెక్టరు మెరుపు పూత పోయి ఉంటే దాన్ని రుద్దకుండా మార్చేయడమే మేలు.