అన్ని లేన్లకీ ఒకే చూపు: క్లబ్ ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ మ్యాచ్‌కి హాలు సిద్ధం చేయడం

రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడూ ఒకే కోర్సులో కాల్చే మల్టీగన్ పోటీల్లో తరచూ వినిపించే ఫిర్యాదు టార్గెట్ సరిగ్గా కనపడలేదని. మొదటి షూటర్ వచ్చేసరికి స్టీల్ ప్లేటు తెల్లగా, కొత్త పెయింటుతో ఉంటుంది. పదో షూటర్ వచ్చేసరికి అది సీసం మరకలతో బూడిద రంగు ముద్ద. పొద్దున స్క్వాడ్‌కి సూర్యుడు వీపు మీద, సాయంత్రం స్క్వాడ్‌కి కళ్లలో. అందుకే అక్కడ ప్రతి షూటర్ తర్వాతా ప్లేట్లకి స్ప్రే కొడతారు, అట్ట టార్గెట్ల రంధ్రాలకి స్టిక్కర్లు అంటిస్తారు. విశాఖలో క్లబ్బు స్థాయిలో మనం జరపగలిగేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ కలిపిన మ్యాచ్. తుపాకులు మారినా గొడవ అదే: ఒకటో లేన్‌లో ఉన్నవాడికీ ఎనిమిదో లేన్‌లో ఉన్నవాడికీ, ఉదయం డీటెయిల్‌కీ (ఒకే విడతలో కాల్చే షూటర్లు) మధ్యాహ్నం డీటెయిల్‌కీ టార్గెట్ కార్డు ఒకేలా కనపడాలి. ఇది మ్యాచ్ మొదలయ్యాక సరిదిద్దే పని కాదు. ముందురోజు సాయంత్రానికే అయిపోవాలి.

ఇక్కడ ఎనిమిది లేన్ల హాలు లెక్కన చెబుతున్నాం. సొంత రేంజ్ ఉన్నవాళ్లకి సగం పని తప్పుతుంది. స్కూలు ఇండోర్ హాలో, కల్యాణ మండపమో అద్దెకి తీసుకునేవాళ్లకే మొత్తం పని.

ముందు టేపు, తర్వాత లైటు

ఫైరింగ్ లైన్ నుంచి కార్డు ముఖం దాకా 10 మీటర్లు, అటూ ఇటూ 5 సెంటీమీటర్లే తేడా ఉండొచ్చు. గుడ్డ టేపు సాగుతుంది, స్టీల్ టేపే వాడండి. ఫైరింగ్ లైనూ టార్గెట్ లైనూ సమాంతరంగా ఉన్నాయో లేదో కంటితో తేల్చకండి. రెండు లైన్ల చివరలు కలిపితే వచ్చే దీర్ఘచతురస్రానికి రెండు కర్ణాలూ (మూల నుంచి ఎదురు మూలకి) కొలవండి, అవి సమానంగా ఉంటేనే లైన్లు సరిగ్గా ఉన్నట్టు. ఎనిమిది మీటర్ల వెడల్పులో ఒక్క డిగ్రీ వంకర వచ్చినా చివరి లేన్ దగ్గర 14 సెంటీమీటర్లు తేడా కొడుతుంది.

కార్డు మధ్య బిందువు ఎత్తు 1.40 మీటర్లు, ఇక్కడా 5 సెంటీమీటర్ల సడలింపే. ఈ ఎత్తు కొలవాల్సింది షూటర్ నిలబడే నేల నుంచి, కార్డు కింద ఉన్న నేల నుంచి కాదు. మండపాల్లో నీళ్లు పోసి కడగడానికి నేలకి వాలు పెడతారు. పది మీటర్లలో ఆ వాలు నాలుగైదు సెంటీమీటర్లు సులువుగా ఉంటుంది. మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల లెవెల్ పైపు తెచ్చుకోండి. ఒక కొస ఫైరింగ్ లైన్ దగ్గర 1.40 గుర్తుకి ఆనించి, రెండో కొసన నీళ్లు ఎక్కడ నిలిచాయో అక్కడ గోడ మీద గీత గీయండి. ఎనిమిది ఫ్రేములూ ఆ గీతకే కట్టండి.

లేన్‌కి కనీసం ఒక మీటరు వెడల్పు. కార్డు ఆ లేన్ మధ్యరేఖ నుంచి 25 సెంటీమీటర్లకి మించి పక్కకి పోకూడదు. ఫైరింగ్ పాయింట్ దగ్గరా, కార్డు పైనా పెద్ద అక్షరాల్లో లేన్ నంబర్లు పెట్టండి. సరి సంఖ్యలకి ఒక రంగు పలక, బేసికి మరో రంగు పలక. పక్కవాడి కార్డు కాల్చేయడం ఎక్కువగా జరిగేది నంబరు పలకలన్నీ ఒకే రంగులో, చిన్నగా ఉన్నచోటే.

ఎంత వెలుతురు కావాలి, ఎందుకు

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ లెక్క ప్రకారం కార్డు మీద కనీసం 1500 లక్స్ (వెలుతురు కొలమానం), 1800 ఉంటే మంచిది. హాలులో మామూలు వెలుతురు కనీసం 300 లక్స్. చాలామంది మొదటి సంఖ్య మీద పడి రెండోదాన్ని మర్చిపోతారు. షూటర్ చీకట్లో నిలబడి వెలిగే కార్డుని చూస్తే కంటిపాప విచ్చుకుంటుంది. అప్పుడు ఫ్రంట్ సైటూ (తుపాకీ కొసనుండే గురి భాగం) కార్డూ రెండూ తేటగా కనిపించే లోతు తగ్గి, ఒకటి స్పష్టమైతే రెండోది మసకబారుతుంది. పిస్టల్ వాళ్లకి ముందు అందేది ఈ దెబ్బే. రైఫిల్ వాళ్ల సమస్య వేరు: కార్డు తెలుపు మరీ మిరుమిట్లు గొలిపితే నల్ల గుండ్రం అంచులు తిన్నట్టయి అసలు కంటే చిన్నగా తోస్తుంది, ఫ్రంట్ సైట్‌లో అప్పటిదాకా సరిపోయిన రింగు వదులుగా అనిపిస్తుంది. రైఫిల్ కార్డులో నలుపు వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, పిస్టల్ కార్డులో 59.5. అంత చిన్న గుండ్రం చుట్టూ ఉండే సన్నని తెల్ల వలయం మీదే రైఫిల్ షూటర్ గురి నిలుస్తుంది. లేన్ లేన్‌కీ వెలుతురు మారితే ఆ వలయమూ మారుతుంది.

లైట్లు బిగించడం

లేన్‌కి సుమారు 60 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ అని లెక్క వేసుకోండి. 30 వాట్లది ఒక్కటి చాలదు, 700 లక్స్ దగ్గరే ఆగిపోతుంది. కార్డుకి 1.2 మీటర్లు ముందుకి, మీటరు పైకి ఒక జీఐ పైపు అడ్డంగా కట్టి దానికి వరసగా బిగించండి. పైపు కింద, షూటర్ల వైపున నల్ల ప్లైవుడ్ పలక ఒకటి వేలాడాలి. షూటర్ కంటికి బల్బు కనిపించిందా, మిగతా పనంతా వృథా.

అందరూ పడే గొయ్యి ఇప్పుడు చెబుతున్నాం. ప్రతి కార్డుకీ తన పైనున్న లైటే కాదు, పక్క లేన్ల లైట్ల వెలుతురూ చేరుతుంది. నాలుగో లేన్‌కి రెండు పక్కల నుంచీ వస్తుంది, ఒకటో లేన్‌కి ఒక పక్క నుంచే. ఎనిమిది లేన్లకి ఎనిమిది లైట్లే పెడితే చివరి లేన్లలో దాదాపు పావు వంతు వెలుతురు తక్కువ పడుతుంది. మధ్యలో కొలిచి 1500 వచ్చిందని సంబరపడితే చివర 1100 ఉంటుంది. కాబట్టి లైట్లు పది కొనండి, రెండు చివరలా ఒక్కోటి అదనంగా, లేని తొమ్మిదో లేన్‌కి పెట్టినట్టే పెట్టండి. డబ్బు దండగ అనిపిస్తుంది కానీ, గెలిచినవాడి స్కోరు మీద మాట పడకుండా ఉండాలంటే ఈ ఖర్చు తప్పదు.

లైట్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, ఒకేసారి కొన్నవి కావాలి. ఒకటి పసుపు, పక్కది నీలం ఛాయ తెలుపు అయితే లక్స్ సమానంగా ఉన్నా కార్డు వేరుగా కనిపిస్తుంది. చవక డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ సెకనుకి వందసార్లు మిణుకుమంటుంది. కంటికి తెలియదు, కానీ గంటన్నర కార్డు వైపే చూసేవాడికి కళ్లు లాగుతాయి. కొనేముందు షాపులోనే లైటు వెలిగించి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. చారలు కదులుతుంటే అది వద్దనేయండి.

కొలత తీసేటప్పుడు లక్స్ మీటర్ సెన్సర్‌ని కార్డు ఉండాల్సిన చోటే, ముఖం షూటర్ వైపు తిప్పి పెట్టండి. కొలిచే మనిషి పక్కకి జరగాలి, లేకపోతే తన నీడనే కొలుస్తాడు. లైట్లు వెలిగించిన అరగంట తర్వాతే కొలవండి, వేడెక్కేకొద్దీ ఎల్‌ఈడీ వెలుగు కొంచెం తగ్గుతుంది. ఫోన్ యాప్ చెప్పే అంకెని నమ్మలేం. కానీ అదే ఫోన్‌తో అన్ని లేన్లూ కొలిచి పోల్చుకోవడానికి పనికొస్తుంది. మేము పెట్టుకునే హద్దు: ఎక్కువ ఉన్న లేన్‌కీ తక్కువ ఉన్న లేన్‌కీ మధ్య పది శాతం. అది దాటితే లైటు వంపు మార్చడమే. ఫ్రేము పై అంచు నీడ కార్డు మీద పడుతోందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. క్లిప్పు నీడ పడినా చాలు, పిస్టల్ కార్డు పైభాగం మసకేస్తుంది.

ఎండ, ఉప్పుగాలి, ఉక్కపోత

మన ఊళ్లో పొద్దున ఎండ సముద్రం మీంచి నేరుగా వస్తుంది. తూర్పు కిటికీలున్న హాలులో ఎనిమిది గంటల డీటెయిల్‌కి ఒకటి రెండు లేన్ల మీద ఎండ చారలు పడతాయి, పదిన్నరకి మాయమవుతాయి. బయటి ఎండ ముందు మన 1500 లక్స్ లెక్కలోకే రాదు. మబ్బు కమ్మి విడిచినప్పుడల్లా ఆ లేన్‌లో కార్డు వెలుగు మారిపోతుంది. పక్కనుంచి వచ్చే వెలుగు ఫ్రంట్ సైట్ ఒక అంచుని మెరిపిస్తే గ్రూపు (షాట్లు పడే గుంపు) పక్కకి జరుగుతుంది, షూటర్ సైట్ తిప్పుకుంటాడు, మబ్బు రాగానే అది మళ్లీ తప్పవుతుంది. కిటికీలు, వెంటిలేటర్లు, షట్టర్ కింది సందు సహా అన్నీ దళసరి నల్లగుడ్డతో మూసేయండి. సగం మూయడం అసలు మూయకపోవడం కంటే చెడ్డది.

మూస్తే ఉక్కపోత. ఫ్యాన్లు షూటర్ల వెనక, పైకి తిప్పి పెట్టండి. ఒకరి మీదే గాలి కొట్టే పెడెస్టల్ ఫ్యాన్ కూడా పక్షపాతమే. టార్గెట్ల వైపు గాలి వెళ్తే కార్డులు ఊగుతాయి. రైఫిల్ వాళ్లు దళసరి జాకెట్లు, ప్యాంట్లు వేసుకుంటారు కాబట్టి వాళ్ల డీటెయిల్స్ పొద్దుటే పెట్టి, పిస్టల్ మధ్యాహ్నానికి ఉంచండి. అంతేగాని ఒకే ఈవెంట్‌లో కొందరిని ఉదయం, కొందరిని మధ్యాహ్నం రెండు గంటలకి పెట్టొద్దు.

తేమ దెబ్బ స్కోరింగ్‌లో కూడా తెలుస్తుంది. విశాఖ గాలికి రాత్రంతా విప్పి ఉంచిన కార్డు మెత్తబడుతుంది, పెల్లెట్ తగిలినచోట గుండ్రంగా తెగకుండా చిరుగుతుంది. చిరిగిన అంచు గీతని తాకిందో లేదో ఎవరు చెప్పగలరు? కార్డుల కట్టలు సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో ఉంచి, ఏ డీటెయిల్‌వి ఆ డీటెయిల్‌కే విప్పండి. అందరూ బల్లపరుపు మూతి ఉన్న మ్యాచ్ పెల్లెట్లే వాడాలని ముందే రాసి పంపండి. గుండు మూతి పెల్లెట్ కాగితాన్ని కోయదు, తోసుకుపోతుంది. రంధ్రం అసలు కంటే చిన్నదిగా మిగిలి కాల్చినవాడికే నష్టం.

ఇంకొకటి. మండపాల నేల అద్దంలా మెరుస్తుంది, పైనున్న లైట్లు అందులో కనిపిస్తాయి. బూడిద రంగు మ్యాట్ పరచండి. పెళ్లి ఎర్ర తివాచీ వద్దు. కార్డు వెనక గోడ లేత రంగులో, మెరుపు లేకుండా ఉండాలి. పెల్లెట్ ట్రాప్ (కార్డు వెనక పెల్లెట్లని ఆపే పెట్టె) వెనక స్టీల్ షీటూ, ఆ వైపున్న తలుపుకి తాళమూ తప్పనిసరి. తాళం చెవి కాల్పులు నడిపించే రేంజ్ ఆఫీసర్ దగ్గరే ఉంటుంది.

లాటరీ, కరెంటు, ఖాళీ లేన్

లక్స్ కొలతల కాగితం హాలు గుమ్మం దగ్గర అంటించి, కోచ్‌లకి చూసుకోవడానికి అరగంట ఇవ్వండి. అభ్యంతరాలు అప్పుడే. తర్వాతే లేన్లకి చీటీలు తీయాలి. చీటీలు తీశాక ఒక్క లైటు కూడా కదపకూడదు, ఎవరు అడిగినా సరే. అప్పుడు మార్పు ఎంత న్యాయమైనదైనా ఎవరికోసం చేశారో అందరికీ తెలిసిపోతుంది.

అరవై షాట్లకి పేపర్ కార్డులైతే గంటన్నర, ఎలక్ట్రానిక్ టార్గెట్లైతే గంటా పదిహేను నిమిషాలు. అంతకుముందు ప్రిపరేషన్, సైటర్లకి (స్కోరులో లెక్కించని ట్రయల్ షాట్లు) కలిపి పదిహేను నిమిషాలు. ఆ గడియారం కూడా టార్గెట్ లాంటిదే, ఎనిమిది లేన్ల నుంచీ కనపడాలి. ఎడమచేతి వాటం షూటర్ ఎదురు దిక్కుకి తిరిగి నిలబడతాడు, అతని చోటు నుంచి కూడా చూసి తేల్చుకోండి.

కరెంటు పోతుంది, పోతుందనే అనుకోండి. లైట్లు ఆరిన క్షణమే రేంజ్ ఆఫీసర్ ‘స్టాప్’ అనాలి, తుపాకులు ఖాళీ చేయించి సేఫ్టీ ఫ్లాగులు (తుపాకీ ఖాళీ అని చూపించే గుర్తులు) పెట్టించాలి, గడియారం ఆపాలి. ఆగింది అయిదు నిమిషాలు దాటితే మిగిలిన సమయానికి అయిదు నిమిషాలు కలిపి, ఎన్నైనా సైటర్లు కాల్చుకోనివ్వాలి. టార్గెట్ లైట్లని ఇన్వర్టర్ మీదా హాలు లైట్లని జనరేటర్ మీదా పెడితే ఒకటి వెలిగి రెండోది ఆరి ఉంటుంది. అది మొత్తం ఆరిపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే కాల్చడం ఆపరు. రెండూ ఒకే లైన్‌లో ఉంచండి.

ఒక లేన్ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఎనిమిది లేన్ల హాలుకి ఏడుగురినే పిలవడం నిర్వాహకులకి మింగుడుపడదు. కానీ మధ్యలో ఎవరిదైనా లైటు పోతే, మార్చడానికి చోటు అదొక్కటే. షూటర్ ఫిర్యాదు చేస్తే వాదించకుండా మీటరు తీసుకెళ్లి కొలవండి. గుమ్మం కాగితంలో ఉన్న అంకెకి పది శాతం లోపు ఉంటే మ్యాచ్ సాగుతుంది. లేకపోతే అతన్ని ఖాళీ లేన్‌కి మార్చి, అక్కడా అదే అయిదు నిమిషాలు, సైటర్లు.

కార్డు చూసేవాళ్లకీ వెలుతురు కావాలి

కార్డుల మీద పేర్లు కాదు, కోడ్ నంబరు, షాట్ నంబరు మాత్రమే ముందే రాసి ఉంచండి. ఇద్దరు విడివిడిగా చూసి సంతకాలు పెట్టాలి. వాళ్ల బల్ల మీద కూడా టార్గెట్ లైన్‌లోదే ఒక లైటు బిగించండి.

రైఫిల్ కార్డు మధ్యలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ దాన్ని ఊడగొట్టేస్తుంది. మిగలని గీతని తాకిందా అని చూడలేం కాబట్టి బయటి వైపు నుంచి కొలుస్తారు. 5.5 మిల్లీమీటర్ల వ్యాసం అంచున్న అవుట్‌వర్డ్ గేజ్ (రంధ్రంలో దూర్చి కొలిచే సాధనం) పెడితే, ఆ అంచు ఎనిమిది రింగు గీత దాటకపోతే పది. లెక్క సరిగ్గా కుదురుతుంది: పెల్లెట్ పది చుక్కని అంచున తాకాలంటే దాని కేంద్రం 2.5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, గేజ్ వ్యాసార్ధం 2.75, కలిపితే 5.25. ఎనిమిది రింగు వ్యాసార్ధం కూడా అంతే. గేజ్‌ని ఒక్కసారే, నిటారుగా పెట్టండి. రెండోసారి పెడితే రంధ్రమే పెద్దదవుతుంది. గేజ్ పెట్టి తేల్చిన షాట్ మీద ఇక అప్పీలు ఉండదని మ్యాచ్ ముందే చదివి వినిపించాలి.

ఒక కార్డు మీద రెండు రంధ్రాలు, పక్క లేన్ కార్డు ఖాళీ. పక్కవాడు తప్పు కాల్చాడని నిర్ధారణ అయితే అతనికి సున్నా. కార్డు సొంతదారుడిది ఏ రంధ్రమో తేలకపోతే రెండింటిలో ఎక్కువ విలువున్నదే అతనికి.